మోటార్‌హోమ్‌ని మట్టంగా నిలపడం: ఎయిర్ లెవెలింగ్ మేలా, హైడ్రాలిక్ జాక్‌లు మేలా?

అమెరికాలో సెకండ్ హ్యాండ్ మోటార్‌హోమ్ (లోపల ఇల్లులా ఉండే బండి) కొనబోయే మనవాళ్లు ఎక్కువగా అడిగే ప్రశ్న ఇది. ఎయిర్ లెవెలింగ్ అంటే సస్పెన్షన్‌లోని గాలి బ్యాగులతో బండిని మట్టం చేయడం, హైడ్రాలిక్ అంటే ఆయిలు ఒత్తిడితో దిగే జాక్‌లతో చేయడం. ఆ ప్రశ్నకి సగం జవాబు బండి ఛాసిస్‌లోనే ఉంటుంది. మిగతా సగం మీరు ఎలాంటి చోట్ల బండి ఆపుతారన్న దాన్ని బట్టి తేలుతుంది. రెండు పద్ధతుల్లోనూ బండి పాడయ్యేది పరికరం నాసిరకం కావడం వల్ల కాదు, ఎక్కువసార్లు పనుల వరుస తప్పడం వల్ల. అందుకే ఈ వ్యాసంలో పోలిక కంటే వరుసకే ఎక్కువ చోటిచ్చాం. బండి పత్రాలన్నీ అంగుళాలు, పౌండ్లలో ఉంటాయి కాబట్టి ఇక్కడా అవే కొలతలు వాడాం.

1. ముందు బండి కింద ఏముందో చూడండి

ఫోర్డ్ ఎఫ్-53 లాంటి పెట్రోల్ క్లాస్ ఏ (బస్సు ఆకారపు బండి) ఛాసిస్‌కీ, ఫోర్డ్ ఈ-450 మీద కట్టిన క్లాస్ సీ (వ్యాన్ మూతి ఉండే) బండికీ కింద ఉండేవి ఉక్కు స్ప్రింగులు. వీటికి గాలితో మట్టం చేసే ఏర్పాటు ఫ్యాక్టరీ నుంచి రాదు. హైడ్రాలిక్ జాక్‌లో, కరెంటు మోటారుతో నడిచే జాక్‌లో ఉంటాయి. తర్వాత అమర్చుకునే చిన్న ఎయిర్ బ్యాగులు బరువు మోయడానికీ ఊగుడు తగ్గించడానికీ పనికొస్తాయి. లెవెలింగ్‌కి వాటిని నమ్ముకోవద్దు.

వెనక ఇంజిన్ ఉండే డీజిల్ పుషర్లు చాలావరకు ఎయిర్ సస్పెన్షన్ మీదే నడుస్తాయి. వీటిలో మూడు రకాలు కనిపిస్తాయి: ప్రయాణానికి వాడే ఎయిర్ బ్యాగులతోనే మట్టం చేసేవి, ఎయిర్ సస్పెన్షన్ ఉన్నా మట్టానికి హైడ్రాలిక్ జాక్‌లు వాడేవి, రెండూ ఉన్నవి. ఎయిర్ సస్పెన్షన్ ఉందంటే ఎయిర్ లెవెలింగ్ కూడా ఉన్నట్టేనని అనుకోకండి. డ్యాష్‌బోర్డు మీద ప్యానెల్ చూడండి. తర్వాత బండి పక్కన వంగి, చక్రాల దగ్గర నిలువు సిలిండర్లు ఉన్నాయేమో చూడండి.

2. వాలును అంగుళాల్లోకి మార్చడం

పోలికంతా ఈ లెక్క మీదే నిలబడుతుంది. రెండు బిందువుల మధ్య దూరాన్ని 57తో భాగిస్తే, ఒక్కో డిగ్రీ వాలుకి ఎన్ని అంగుళాలు ఎత్తాలో వస్తుంది.

- ముందు, వెనక ఇరుసుల మధ్య 250 అంగుళాలు ఉంటే: 250 ÷ 57 = డిగ్రీకి సుమారు 4.4 అంగుళాలు.
- ఎడమ, కుడి టైర్ల మధ్య 80 అంగుళాలు ఉంటే: 80 ÷ 57 = డిగ్రీకి సుమారు 1.4 అంగుళాలు.

ఎయిర్ బ్యాగు ప్రయాణ ఎత్తు నుంచి పైకీ కిందికీ కదిలేది కొద్ది అంగుళాలే. పైకి 3, కిందికి 3 అంగుళాలు అనుకుందాం. ఒక వైపు పూర్తిగా పైకి లేపి, ఎదుటి వైపు పూర్తిగా దించినా దక్కే తేడా 6 అంగుళాలు. పక్కలకి చూస్తే అది దాదాపు 4 డిగ్రీలు, కావలసినంత. అదే బండి పొడవునా చూస్తే ఒకటిన్నర డిగ్రీ కూడా రాదు. కాబట్టి ఎయిర్ లెవెలింగ్ పక్కవాలును తేలిగ్గా సర్దుతుంది, నిలువువాలు (బండి పొడవునా ఉండే వాలు) దగ్గర చేతులెత్తేస్తుంది. హైడ్రాలిక్ జాక్‌కి అంతకన్నా చాలా ఎక్కువ పొడవు ఉంటుంది. అయితే ఆ పొడవంతా వాడొచ్చా లేదా అన్నది వేరే సంగతి, 4వ భాగంలో చూద్దాం.

వాలు కొలవడానికి 24 అంగుళాల రసమట్టం చాలు. నేల మీద ఒకసారి పొడవునా, ఒకసారి అడ్డంగా పెట్టండి. బుడగ నడిమికి వచ్చేదాకా పల్లపు కొసను లేపి, ఆ సందు కొలవండి. 0.42 అంగుళం లేపితే 1 డిగ్రీ, 0.84 అయితే 2 డిగ్రీలు. ఫోన్‌లో యాప్ వాడేవాళ్లు ఒక జాగ్రత్త పాటించాలి. కెమెరా బుడిపె వల్ల ఫోన్ వెల్లకిల పెడితే తప్పు చూపిస్తుంది, పక్క అంచు మీద నిలబెట్టండి.

ఎంత మట్టం సరిపోతుంది? ఇంట్లో వాడే కంప్రెసర్ ఫ్రిజ్ ఉంటే మనిషికి ఇబ్బంది లేకపోతే చాలు. పెనం మీద నూనె ఒక పక్కకు చేరకుండా, షవర్ నీళ్లు తూముకే వెళ్లేలా ఉంటే సరి. ప్రొపేన్‌తో నడిచే అబ్సార్ప్షన్ ఫ్రిజ్‌కి అలా కుదరదు. అందులో అమ్మోనియా ద్రావణం తన బరువుకే కిందికి జారుతూ తిరుగుతుంది. ఒరిగితే ఒకచోట నిలిచిపోయి, బాయిలర్ కాగి, గొట్టం మూసుకుపోతుంది. ఆ నష్టం మళ్లీ సరికాదు. ఇలాంటి ఫ్రిజ్‌ల కంపెనీ నోర్‌కోల్డ్ చెప్పే హద్దు ఫ్రిజ్ పక్కలకి 3 డిగ్రీలు, ముందువెనకలకి 6 డిగ్రీలు.

ఇక్కడే చాలామంది తిరగేసి లెక్కేస్తారు. ఫ్రిజ్ తలుపు నడవ వైపు, వీపు బయటి గోడ వైపు ఉంటుంది. అంటే ఫ్రిజ్‌కి పక్కలు బండికి ముందువెనకలు. 3 డిగ్రీల గట్టి హద్దు వర్తించేది బండి నిలువువాలుకే.

3. తేడా ఎక్కడ తెలుస్తుంది

ఎయిర్ లెవెలింగ్‌లో టైర్లు నేల వదలవు. ఛాసిస్ మెలి తిరగదు, కింద పలకలు పెట్టే పని లేదు, తారు మీద గుంటలు పడవు. దారిలో ట్రక్ స్టాప్‌లోనో, అనుమతి తీసుకుని స్టోర్ పార్కింగ్‌లోనో ఒక్క రాత్రి పడుకునేవాళ్లకి ఇంతకన్నా సుఖం లేదు. అలాంటి చోట్ల జాక్‌లు దించడం మర్యాద కూడా కాదు, ఎండకి మెత్తబడిన తారులో జాక్ పాదం దిగబడుతుంది.

దానికి ఇచ్చుకునే మూల్యం ఊగుడు. బండి ఇంకా గాలి బుడగల మీదే ఉంది కాబట్టి ఎవరో బాత్రూంకి నడిస్తే మంచం మీద పడుకున్నవాళ్లకి తెలుస్తుంది. రెండోది శబ్దం. గాలి కాస్త తగ్గగానే సహాయక కంప్రెసర్ అర్ధరాత్రి మొదలవుతుంది. పెద్దవాళ్లు వెంట ఉన్న ప్రయాణాల్లో ఈ రెండూ చిన్న విషయాలు కావు.

హైడ్రాలిక్ జాక్‌ల మీద బండి గట్టిగా నిలుస్తుంది. ఒకసారి నిలబెట్టాక కరెంటు ఖర్చు లేదు. కానీ వేల పౌండ్ల బలం ఉన్న జాక్‌ని తప్పు మూల మీద నొక్కితే ముందు అద్దం పగులుతుంది, స్లైడ్ (గది వెడల్పు పెంచడానికి బయటికి జరిగే గోడ భాగం) ఇరుక్కుంటుంది. జాక్‌లు, పంపు కలిపి వందల పౌండ్ల బరువు కూడా. ఆ మేరకు మీ సామాను మోసే పరిమితి తగ్గుతుంది.

మా సలహా: వారాల తరబడి ఒకే చోట ఉండేవాళ్లు, వాలు ఎక్కువుండే పాత పార్కుల క్యాంప్‌గ్రౌండ్లకి వెళ్లేవాళ్లు హైడ్రాలిక్ తీసుకోండి. రోజుకో ఊరు మారేవాళ్లకి, సిమెంటు దిమ్మెలున్న ప్రైవేటు పార్కుల్లో దిగేవాళ్లకి ఎయిర్ హాయి. కేవలం లెవెలింగ్ కోసం మంచి స్థితిలో ఉన్న బండిని వదులుకోవద్దు.

4. హైడ్రాలిక్ జాక్‌లు దించే వరుస

దగ్గర ఉంచుకోవాల్సినవి:
- 16 × 16 అంగుళాల పలకలు నాలుగు. ముప్పావు అంగుళం ప్లైవుడ్ రెండు పొరలు అంటించినవి చాలు. లాగడానికి ఒక తాడు కట్టండి.
- వెనక చక్రాలకి అడ్డం పెట్టే దిమ్మెలు
- రసమట్టం, టార్చిలైటు

పలక ఎందుకంటే, 7,000 పౌండ్లు మోసే జాక్ పాదం 10 అంగుళాల వ్యాసం ఉంటే నేల మీద చదరపు అంగుళానికి 90 పౌండ్ల ఒత్తిడి పడుతుంది. 16 అంగుళాల పలక మీద అది 27కి దిగుతుంది. తడి మట్టిలో పాదం దిగబడటానికీ నిలబడటానికీ మధ్య తేడా అదే.

మొదటి అడుగు: మూతిని పల్లం వైపు పెట్టి ఆపండి. పార్కింగ్ బ్రేకు పట్టేది వెనక చక్రాలనే. మూతి పల్లంలో ఉంటే లేపాల్సింది ముందు భాగాన్ని. మూతి ఎత్తులో ఉంటే వెనక భాగం లేపాలి, టైర్లు గాల్లోకి లేస్తే బండిని పట్టి ఉంచేది ఏదీ ఉండదు. వెనక టైర్లు నేల వదలకూడదు. ఈ నియమానికి మినహాయింపు లేదు.

రెండు: పార్కింగ్ బ్రేకు వేసి, గేరు పార్క్‌లోనో న్యూట్రల్‌లోనో మీ మాన్యువల్ చెప్పినట్టు పెట్టండి. దిమ్మెలు పెట్టండి. ఇంజిన్ ఆన్‌లో ఉంచడం మంచిది, పంపు మోటారు 100 ఆంపియర్లకి అటూఇటూగా లాగుతుంది.

మూడు: ఎయిర్ సస్పెన్షన్ ఉన్న బండి అయితే ముందు గాలి వదిలేయండి. బండి కిందికి కూర్చుంటుంది, జాక్ తక్కువ బయటకి వస్తే సరిపోతుంది. తక్కువ సాగిన జాక్ తక్కువ ఊగుతుంది.

నాలుగు: పలకలు పెట్టండి. నిలువుగా దిగే జాక్‌లకి నేరుగా కింద పెట్టొచ్చు. మడత నుంచి కిందికి తిరిగే జాక్‌లు ఉంటే, అవి తిరిగి నిలువుగా నిలిచాకే పెట్టాలి. లేకపోతే తిరిగే జాక్ పలకనే తన్నుతుంది.

ఐదు: పల్లంలో ఉన్న జంటను ముందు దించండి. ఎప్పుడూ జంటలే: ముందువి రెండు, వెనకవి రెండు, ఎడమవి రెండు, కుడివి రెండు. ఒక్క మూల జాక్‌ని ఒంటరిగా లేపితే ఛాసిస్ మెలి పడుతుంది. నిలువువాలు సరయ్యాక, ఎత్తున్న జంటను నేల తాకేదాకా దించండి. ఆ తర్వాత పక్కవాలు సర్దండి.

ఆరు: చుట్టూ నడిచి చూడండి. నాలుగు పాదాలూ పలకల నడిమికి వచ్చాయా? ముందు టైర్ గాల్లో వేలాడుతోందా? వేలాడుతుంటే జాక్‌లు పైకి తీసి, ముందు టైర్ల కింద చెక్కలు పెట్టి, బండి వాటి మీదికి ఎక్కించి మళ్లీ మొదలుపెట్టండి. వెనక చక్రాలకి చెక్కలు పెట్టాల్సి వస్తే లోపలి, బయటి టైర్లు రెండూ పూర్తిగా చెక్క మీద ఉండాలి. ఒక్కదాని కిందే పెడితే ఆ టైర్ మోయలేని బరువు మోస్తుంది.

ఆటో బటన్ నొక్కితే యంత్రమే ఇదంతా చేస్తుంది. అయినా బయట ఒకరు నిలబడి చూడాలి. మట్టం వచ్చిందో లేదో యంత్రానికి తెలుస్తుంది, టైర్ లేచిందని తెలియదు.

5. ఎయిర్ లెవెలింగ్ వరుస

1. స్టీరింగు నిటారుగా తిప్పి ఆపండి. చక్రాలు వంకరగా ఉండగా గాలి వదిలితే టైరు, పైనున్న బాడీ గుంత (వీల్ వెల్) అంచుకి రాసుకుంటుంది.
2. బయటికి వచ్చిన మెట్టు కింద, సామాను పెట్టెల తలుపుల దగ్గర రాయి, కట్ట, పిక్నిక్ బల్ల లేవని చూడండి. బండి కొన్ని అంగుళాలు దిగుతుంది.
3. గాలి ట్యాంకులు నిండేదాకా ఇంజిన్ నడపండి. గవర్నర్ (ఒత్తిడిని అదుపు చేసే వాల్వు) కంప్రెసర్‌ని ఆపే ఒత్తిడి సాధారణంగా 120 - 130 పీఎస్‌ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు). 60 దగ్గరికి పడిపోతే బ్రేకు హెచ్చరిక మోగుతుంది. లెవెలింగ్‌లో అక్కడిదాకా రానివ్వకండి.
4. చేత్తో చేస్తుంటే ముందు ఎత్తున్న వైపు గాలి వదలండి. దించడానికి గాలి ఖర్చు కాదు, కిందికి కూర్చున్న బండి తక్కువ ఊగుతుంది. అప్పటికీ చాలకపోతే పల్లపు వైపు నింపండి.
5. ఒక్కో మార్పు తర్వాత కాసేపు ఆగండి. గాలి సర్దుకుని బండి కూర్చోడానికి సమయం పడుతుంది. ఆగకుండా నొక్కితే హద్దు దాటి, మళ్లీ వెనక్కి రావాలి.
6. మట్టం వచ్చాక, రాత్రంతా మట్టం కాపాడే మోడ్ ఉంటే ఆన్ చేసి, సహాయక కంప్రెసర్‌కి కరెంటు అందుతోందని చూడండి.

స్లైడ్‌లు ముందా, లెవెలింగ్ ముందా? దీనికి అన్ని బండ్లకూ సరిపోయే జవాబు లేదు. జాక్‌లున్న చాలా బండ్లకి మట్టం చేశాకే స్లైడ్ తెరవమంటారు. కొన్ని తయారీదారులు తలకిందులుగా చెబుతారు. మీ మాన్యువల్‌లో ఆ పేజీని ఫోటో తీసి డ్రైవర్ సీటు పక్కన అంటించుకోండి.

6. బయల్దేరే ముందు

- స్లైడ్‌లు మాన్యువల్ వరుసలో లోపలికి.
- జాక్‌లు పూర్తిగా పైకి. డ్యాష్ మీద దీపం ఆరిందని నమ్మకుండా, నాలుగు మూలలా వంగి చూడండి.
- పలకలు, దిమ్మెలు లెక్కపెట్టి లోపల పెట్టండి.
- ఎయిర్ బండి అయితే ట్రావెల్ మోడ్ నొక్కండి. బండి ప్రయాణ ఎత్తుకి లేచేదాకా కదలొద్దు. కూర్చున్న బ్యాగులతో నడిపితే సస్పెన్షన్ స్టాపులకి కొట్టుకుంటుంది.
- నడుస్తుండగా జాక్ హెచ్చరిక మోగితే పక్కకి ఆపి చూడండి.

7. వచ్చే లోపాలు, వాటి మందు

ముందుగా ఒక హెచ్చరిక. జాక్‌ల మీదో గాలి మీదో నిలిచిన బండి కిందికి ఎప్పుడూ దూరకండి. ఒక గొట్టం ఊడినా, ఎవరో లోపల బటన్ నొక్కినా, బండి ఒక్క క్షణంలో కూలబడుతుంది. తగిన బరువు మోసే స్టాండ్లు ఛాసిస్ ఉక్కు కింద పెట్టాకే పని మొదలుపెట్టాలి.

హైడ్రాలిక్‌లో పంపు నడవకుండా టక్‌మనే చప్పుడు మాత్రమే వస్తే, ఓల్ట్‌మీటరు పంపు మోటారు బోల్టు మీద పెట్టి బటన్ నొక్కించండి. 11 వోల్టుల కన్నా దిగితే బ్యాటరీ, లేదా తుప్పు పట్టిన గ్రౌండు జాయింటు. పంపుని అనుమానించే ముందు ఆ జాయింటు విప్పి, గీకి, బిగించండి.

పంపు తిరుగుతున్నా జాక్ కదలకపోతే ఆయిలు చూడండి. ఆయిలు మట్టం చూసేది జాక్‌లన్నీ లోపలికి వెళ్లాకే. స్లైడ్‌లు కూడా అదే పంపు మీద నడిస్తే అవీ లోపల ఉండాలి. జాక్‌లు బయట ఉండగా తక్కువగా కనిపించిందని నింపితే, అవి లోపలికి వెళ్లినప్పుడు ట్యాంకు పొంగి సామాను పెట్టెంతా ఆయిలు అవుతుంది. పోసేది మాన్యువల్‌లో రాసిందే. లిప్పర్ట్ కంపెనీ జాక్‌లకి సాధారణంగా డెక్స్‌రాన్ 3 రకం ట్రాన్స్‌మిషన్ ఆయిలు. మరో లెవెలింగ్ కంపెనీ హెచ్‌డబ్ల్యూహెచ్ తన సొంత ఆయిలే వాడమంటుంది. బ్రేకు ఆయిలు మాత్రం ఎప్పుడూ వద్దు, సీళ్లు ఉబ్బి పాడవుతాయి.

జాక్ నెమ్మదిగా పైకెళ్తోందంటే రాడ్ మీద మురికి, తుప్పు. జాక్ పూర్తిగా దించి, మెరిసే రాడ్‌ని పొడి గుడ్డతో తుడిచి, సిలికాన్ డ్రై స్ప్రే చల్లండి. గ్రీజు పూయకండి, దారి దుమ్మంతా దానికే అంటుకుని సీలు కోస్తుంది. ఉప్పు చల్లే చలి రాష్ట్రాల్లో తిరిగిన బండికి ఈ పని నెలకోసారి.

రాత్రికి బండి కాస్త దిగిందని కంగారు పడక్కర్లేదు. ఆయిలు చల్లబడితే కుంచించుకుపోతుంది. 10 అంగుళాలు సాగిన జాక్‌లో 20 డిగ్రీల సెల్సియస్ చలికి అంగుళంలో ఏడో వంతు తగ్గడం మామూలే. అంగుళమో రెండంగుళాలో దిగితే లీకు. బయట ఆయిలు మరకలేమీ లేకపోతే వాల్వు లోపల నుంచే వెనక్కి పోతోంది.

ఎయిర్‌లో లోపాల్లో ఎక్కువ భాగం ఒక్కటే, లీకు. ఏ మూల అన్నది ముందు తేల్చాలి. చక్రం మధ్య బిందువు నుంచి పైనున్న గుంత అంచు దాకా నాలుగు మూలలా కొలిచి రాసుకోండి. ఇంజిన్ ఆపి, లెవెలింగ్ ఆఫ్ చేసి, మర్నాడు ఉదయం మళ్లీ కొలవండి. ఒక్క మూలే పడితే ఆ మూల బ్యాగు, దాని గొట్టం, దాని వాల్వు. ముందు భాగమంతా పడితే ఉమ్మడి వాల్వు, లేదా ముందు ఎత్తు సరిచేసే రైడ్ హైట్ వాల్వు.

తర్వాత గిన్నెలు తోమే సబ్బు కలిపిన నీళ్లు స్ప్రే సీసాలో పోసి, స్టాండ్లు పెట్టాకే కిందికి వెళ్లి చల్లండి. మొదట గొట్టాల జాయింట్లు, తర్వాత బ్యాగు కింద మడత పడే చోటు, ఆఖరున వాల్వుల గుంపు. హెచ్‌డబ్ల్యూహెచ్ పరికరాలున్న బండ్లలో ఈ వాల్వుల గుంపును సిక్స్ ప్యాక్ అంటారు. ఒక్కో దానిలో లేపేవి రెండు, దించేవి రెండు, ట్రావెల్ మోడ్‌వి రెండు. ఎవరూ ఏ బటనూ నొక్కకపోయినా గాలి బయటికి పోయే రంధ్రం దగ్గర బుడగలు లేస్తుంటే, దించే వాల్వు పూర్తిగా మూసుకోవడం లేదు. చాలాసార్లు లోపలి ఓ-రింగు (రబ్బరు రింగు) మార్చితే పోతుంది, సెట్టు మొత్తం కొనక్కర్లేదు. బ్యాగు మడతలో పగుళ్లు కనిపిస్తే మాత్రం అతుకులు వేయకండి, బ్యాగులు మార్చండి. అదే ఇరుసుకి రెండో వైపుదీ అప్పుడే మార్చడం మేలు.

వాల్వులు త్వరగా పాడవడానికి మూలకారణం తేమ. గాలి ట్యాంకుల అడుగున తాడు లాగి నీళ్లు వదలండి. వదిలినప్పుడు నీళ్లో, ఆయిలు మడ్డో ధారగా వస్తే గాలిలో తేమ పీల్చే ఎయిర్ డ్రయర్ కార్ట్రిడ్జి పని అయిపోయింది. చలికి ఆ నీరే వాల్వులో గడ్డకడితే, ఉదయం బండి ఒక పక్క లేవదు.

రెండు పద్ధతుల్లోనూ యంత్రం మట్టం అంటున్నా గుడ్లు వంటగట్టు మీద దొర్లిపోతుంటే సెన్సార్ సున్నా తప్పింది. ఫ్రిజ్‌లో ఫ్రీజర్ అడుగున రసమట్టం పెట్టి చేత్తో మట్టం చేసి, మాన్యువల్ చెప్పిన బటన్ల వరుసతో ఆ స్థితినే కొత్త సున్నాగా నిల్వ చేయాలి.

8. కొనేముందు బండి దగ్గర చేయాల్సిన పరీక్ష

అమ్మేవాళ్లు మీరు వచ్చేసరికే బండి మట్టంగా నిలబెట్టి ఉంచుతారు. పైకి తీసి మళ్లీ మీ ముందే చేయమనండి.

హైడ్రాలిక్ బండి: జాక్‌లు దించి, రాడ్‌లన్నీ టార్చిలైటుతో చూడండి. గీతలు, తుప్పు మచ్చలు ఉంటే సీలు ఎక్కువకాలం ఉండదు. నాలుగు జాక్‌లూ పైకి వెళ్లే వేగం దాదాపు ఒకేలా ఉండాలి. ఒకటి వెనకబడితే ఖరీదు తగ్గించమని అడగడానికి అది న్యాయమైన కారణం. ట్యాంకు మూత తీసి ఆయిలు చూడండి. పాలలా తెల్లగా ఉంటే నీళ్లు కలిశాయి.

ఎయిర్ బండి: వీలైతే ముందురోజు సాయంత్రం వెళ్లి నాలుగు మూలలూ కొలిచి, ఉదయం మళ్లీ వెళ్లండి. కుదరకపోతే ఇంజిన్ ఆపించి, బండి మిగతా భాగాలు చూస్తూ ఒక గంట గడిపి కొలవండి. గంటకే తేడా కనిపిస్తే లీకు పెద్దదే. బ్యాగుల మీద తయారీ తేదీ అచ్చు వేసి ఉంటుంది, అది చదవండి. బండి తయారైన ఏడాదికీ దానికీ పొంతన ఉంటే అవి ఫ్యాక్టరీ బ్యాగులే. పాత బండిలో అయితే కొత్త సెట్టు ఖర్చు, పని కూలీతో సహా, మీ బేరంలో కలుపుకోండి.